పాటయ్యాక టీ అడిగే గొంతు

నిన్న కువైట్‌లోని మిష్రిఫ్‌లో ఒక శిష్యురాలి తల్లితో గంటసేపు గట్టిగా వాదించి అర్దియాలోని ఇంటికి వచ్చేసరికి వంటింట్లోంచి ఏలకుల టీ వాసన. మా ఆయన టీ పెడుతున్నాడు. చెప్పులు విప్పకముందే సుగుణ టీచర్ గుర్తొచ్చారు.

టీచర్‌ది కాకినాడ. చర్చి పాటలతో మొదలుపెట్టి పాశ్చాత్య గాత్రం నేర్చుకుని, కువైట్‌లో పిల్లలకు నేర్పుతూ జీవితం గడిపేశారు. నేను ఆవిడ దగ్గర పియానో వాయించేదాన్ని. పేరుకు వాయించడం, ఎక్కువ చేసింది వాదించడం. అది ఆవిడకు నచ్చేదనే నా నమ్మకం. నచ్చకపోతే ఏనాడో "ఖలాస్" అని తలుపు వేసేవారు.

షారన్ వచ్చిన ఏడాది మా వాదనలు గోడలు దాటాయి. రాజోలు నుంచి వచ్చిన నర్సు మార్తమ్మ కూతురు ఆ పిల్ల. ఇరవయ్యేళ్ళకే నోరు తెరిస్తే కిటికీ అద్దాలు మోగేవి. నిండు వాద్యబృందాన్ని దాటి హాలు చివరి కుర్చీని తాకే అలాంటి బరువైన స్త్రీ గొంతును ఒపేరాలో డ్రమాటిక్ సొప్రానో అంటారు. విదేశంలో సంగీత కళాశాల ప్రవేశ పరీక్షకు ఆరియాలు, అంటే ఒపేరాలో ఒక పాత్ర ఒంటరిగా పాడే పాటలు, రెండు ఎంచుకోవాలి. సీటు వస్తే సంగీతం. రాకపోతే తల్లి చెప్పినట్టు నర్సింగే.

మార్తమ్మ మనసంతా మోసపోయిన రాణి శాపాలు పెట్టే పాట మీదే. "టీచర్ గారండీ, అంత గొంతు పెట్టుకుని చిన్న పాటలేంటండీ? ఏనుగు చేత సైకిలు తొక్కించినట్టు!"

"అది పెద్ద గొంతు కాదమ్మా, పెద్దదవబోయే గొంతు. లేత కొమ్మకి ఉయ్యాల కడతామా?" అన్నారు టీచర్. అయినా మార్తమ్మ వాళ్ళింట్లోనే, ఆమె వంటింట్లో ఉండగా పాడించారు. షారన్ చివరి స్వరం పట్టేసరికి పక్క ఫ్లాటువాళ్ళు తలుపు తీశారు. టీచర్ చేతులు కట్టుకుని, "బాగుంది. ఇప్పుడు మీ అమ్మని టీ అడుగు" అన్నారు.

"అమ్మా, టీ తెస్తావా?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. "అదేంటే, గొంతలా జీరపోయింది? జలుబు చేసిందా?"

"విన్నావా? తీర్పు మీ అమ్మే చెప్పేసింది," అన్నారు టీచర్. "పాడాక మామూలుగా మాట్లాడలేకపోతే ఆ పాట నీది కాదు. పదేళ్ళాగి పాడుకో."

ఆ తర్వాత ఆవిడ రెండు మెల్లని ప్రార్థన పాటలు తీశారు. నేను ఊరుకుంటానా? "రెండూ జోలపాటలే టీచర్ గారూ. పరీక్షకులు నిద్రపోతారు. పిల్ల గొంతులో నిప్పుందని వాళ్ళకెలా తెలుస్తుందండీ?"

"నిప్పు చూపించడానికి ఇల్లు తగలెట్టాలా, రూతూ?"

"దీపమైనా వెలిగించాలి కదండీ."

"అయితే నువ్వే ఒకటి తీసుకురా. టీ మాత్రం అడగాల్సిందే" అన్నారు ఆవిడ.

తెచ్చాను. సముద్రం ఒడ్డున పెళ్ళికొడుకు పడవ కోసం ఎదురుచూసే అమ్మాయి పాట. మధ్యస్థాయిలోనే నడుస్తూ, పడవ కనబడగానే పైకి ఎగిసి, వెంటనే దిగి ఊపిరి పీల్చుకుంటుంది. షారన్ అది పాడి టీ అడిగితే మార్తమ్మ నుంచి వచ్చిన జవాబు ఒక్కటే: "చక్కెరెయ్యనా, వద్దా?" టీచర్ ఒక ప్రార్థన పాట తీసి సంచిలో పెట్టేశారు. నేను గెలిచానని ఆవిడ అనలేదు. నేనే అన్నాను.

పరీక్ష వీడియో కాల్‌లో జరిగింది. రెండు పాటలూ అయ్యాక వాళ్ళు షారన్‌ని ఊరు, చదువు, కువైట్ ఎండలు అంటూ చాలాసేపు మాట్లాడించారు. ఆ పిల్ల గంట కొట్టినట్టు జవాబులు చెబుతుంటే, కెమెరాకు కనబడకుండా టీచర్ నా చెయ్యి నొక్కారు. సీటు వచ్చింది. రాణి పాట ఎప్పుడని మార్తమ్మ ఆ రోజే అడిగింది, అది వేరే సంగతి.

టీచర్ ఇప్పుడు లేరు. ఇప్పుడు పాఠాలు చెప్పేది నేనే. ఆవిడ టీ పరీక్ష నా శిష్యులకే కాదు, నాకు నేనూ పెట్టుకుంటాను. నిన్న మిష్రిఫ్‌లో గొడవ కూడా దాని గురించే: పదహారేళ్ళ కూతురికి రాణుల పాటలు నేర్పాలట, వెంటనే! ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, వంటింటి వైపు తిరిగి టీ అడిగాను. గొంతు జీరపోతే ఆ గొడవ నాది కాదని వదిలేయడం నా నియమం.

"చక్కెరెయ్యనా?" అన్నాడు మా ఆయన.

అందుకే రేపు మళ్ళీ మిష్రిఫ్ వెళుతున్నాను.