పుల్ల విరిచిన చేయి

మా అమ్మా నాన్నా విడిపోయేనాటికి నాకు ఆరేళ్ళు. రాయపూర్ రైల్వే క్వార్టర్ల వెనక, మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కులపెద్దలు చాప మీద కూర్చున్నారు. ఒక పెద్దాయన నాన్న చేతికి ఎండుపుల్ల ఇచ్చాడు. నాన్న దాన్ని విరిచి రెండు ముక్కలూ నేలమీద పెట్టాడు. అంతటితో పెళ్ళి రద్దయింది. అమ్మ నన్ను తీసుకుని అదే ఊళ్ళో గుఢియారీ పేటలో మామయ్య ఇంటికి వచ్చేసింది.

తెంచుకున్నది నాన్నేనని నాకెవరూ చెప్పలేదు. నా కళ్ళతో నేను చూశాననుకున్నాను.

ఇంజన్ షెడ్డులో ఫిట్టరైన నాన్న ఆదివారం తప్పకుండా వచ్చేవాడు. అరుగు మీద కూర్చుని, అమ్మ నా చేత పంపిన టీ తాగి, నన్ను సైకిలు మీద రైల్వే కాలనీ లైబ్రరీకి తీసుకెళ్ళేవాడు. నా చదువు హిందీ బడిలో ఐదో తరగతితోనే ఆగింది. అయినా ఆ గదిలోని తెలుగు బీరువా అంతా చదివేశాను, హిందీ బీరువాల్లో సగం చదివాను. అవి స్వరాజ్యం వచ్చిన కొత్త రోజులు. విడాకుల చట్టం గురించి ఢిల్లీలో వాదనలు జరుగుతుంటే, ఏ దేశంలో ఏ పద్ధతో మామయ్యకు నేనే చెప్పేదాన్ని. నాన్న వస్తున్నది తన తప్పు దిద్దుకోవడానికని కూడా నేనే తేల్చేశాను.

నాకు పెళ్ళీడు వచ్చాక ఆ లైబ్రరీలోనే గూడ్సు ఆఫీసు గుమాస్తా ఒకతను పరిచయమయ్యాడు. మా కులమే. పార్వతీపురం పక్క పల్లెలో పెరిగి కొత్తగా ఉద్యోగానికి వచ్చాడు. నేను చదివి ఇచ్చేసిన పుస్తకాలే అడిగి తీసుకునేవాడు. నాకూ ఇష్టమే. కానీ డ్యూటీ పడి ఒక సాయంత్రం రాలేకపోతే, ఆ తర్వాత వారమంతా అతనితో మాట్లాడేదాన్ని కాదు. అతను వెళ్ళిపోకముందే నేనే తప్పుకోవాలనిపించేది. అతనికి బిలాస్‌పూర్ బదిలీ అయింది. పెళ్ళి చేసుకుని కలిసి వెళదామన్నాడు. కాదన్నాను. చదువుకున్నదాన్ని కదా, కారణం కూడా వివరంగా చెప్పాను. నాన్న పుల్ల విరవడం చూసిన పిల్లకు మగవాడి మీద నమ్మకం ఎలా కుదురుతుందని అడిగాను.

అతను తెల్లబోయాడు. "మీ నాన్నగారే ఇరిసారా? బాగా గేపకముందా?"

ఉందన్నాను.

"అయితే వదిలేసింది ఆయన కాదండీ. విడిపోతానన్నోళ్ళ చేతికి పుల్లియ్యరు. రెండోవోళ్ళు ఒప్పుకుని ఇరిస్తేనే విడుదల. మా ఊళ్ళో చిన్నపిల్లలకీ తెలుసిది."

రాయపూర్‌లో పుట్టి పెరిగిన నేను చూసిన విడాకులు అవి మాత్రమే.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ బియ్యం చెరుగుతోంది. అడిగాను. చేట ఆపకుండానే చెప్పింది.

"నానే అడిగినాను. మీ అయ్య మంచోడే, నాకే పడలేదు. ఇరవనని మొండికేస్తే కాళ్ళట్టుకున్నాను."

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదన్నాను.

"నువ్వేనాడడిగినావు? నీకన్నీ కితాబుల్లోనే దొరుకుతాయి గదా."

మర్నాడు ఆదివారం. నాన్న వచ్చాడు. నేను ఏమనుకుంటూ పెరిగానో నీకు తెలుసా అని అడిగాను. తెలుసన్నాడు. మరి దిద్దలేదేమన్నాను.

"అమ్మకాడ పెరిగే పిల్లవి. నామీద కోపమైతే వారానికోపాలి. అమ్మ మీదైతే పొద్దస్తమానం గదమ్మా."

అంతవరకూ నా భయానికి ఒక కారణం ఉండేది. ఆ కారణం పోయింది, భయం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఎవరో నన్ను వదిలేస్తారని కాదు ఇప్పుడు. నేను అమ్మ కూతురిని కూడా. మంచివాడైన మనిషిని నేనే ఏదో ఒకనాడు వద్దంటానేమో.

గూడ్సు ఆఫీసుకు ఆదివారం సెలవు లేదు. నాన్నను అరుగు మీదే ఉండమని ఒక్కదాన్నే నడిచి వెళ్ళాను. నన్ను చూసి అతను బల్ల దగ్గర లేచి నిలబడ్డాడు. పక్క బల్ల మనిషి కలం ఆపి మమ్మల్నే చూస్తున్నాడు.

"భయంగా ఉందండీ. అయినా వస్తాను," అన్నాను.

అతను నవ్వలేదు. "నాకూ భయంగానే ఉంది," అన్నాడు.