శత్రువు రాక కోసం ఆగిన వల

పదవీ విరమణానంతరం, సముద్రపు గాలి ఒంటికి మంచిదని మైపాడులో ఇల్లు కట్టుకున్న తెలుగు పండితుణ్ణి నేను. జాలరులకు ఆంగ్లంలో ఏ కాగితం వచ్చినా అది మా అరుగు మీదికే చేరుతుంది. నిరుడొక సాయంకాలం వచ్చిన కాగితం సారాంశమిది: ఆకాశంలో దూసుకువచ్చే శత్రుక్షిపణిని మరొక క్షిపణితో ఆకాశంలోనే తుత్తునియలు చేసే ప్రయోగం జరగనున్నది, కనుక రేపటి సూర్యోదయం మొదలు ఫలానా అక్షాంశ రేఖాంశాల నడుమ పడవలు తిరగరాదు.

పురాణకాలక్షేపంలో తలనెరిసినవాణ్ణి, ఊరుకుంటానా? అస్త్రానికి ప్రత్యస్త్రాన్ని మన పూర్వులు ఏనాడో ఎరుగుదురని అరగంట ఉపన్యసించాను. పొరుగింటి జాలరి ఓపికగా విని, "అదంతా సరే అయ్యోరా, నా వల సముద్రంలో ఉండాది. ఇందాకే ఏసి వచ్చినా. ఆ గీతల లోపల ఉండాదా, బయట ఉండాదా?" అన్నాడు.

ఆ ఇంట్లో ఉన్నది ఆ ఒక్క కొత్త వల. పొద్దున్నే తీయకపోతే చిక్కిన చేపలు కుళ్ళుతాయి. కుళ్ళు వాసనకు పీతలు చేరి దారాలు కొరికేస్తాయి.

"ఎక్కడ వేశావు?"

"పన్నెండు బారల లోతులో. గుడి గోపురం, సరుగుడు తోట కొసా ఒక వరసకు వచ్చేకాడ."

అతని లెక్కలో అంకెలు లేవు. కాగితంలో గోపురం లేదు. నా పాండిత్యం ఆ రెంటి నడుమ నీళ్ళు నమిలింది.

మరునాడు ఒక యువశాస్త్రజ్ఞుడు మా ఊరి సామాజిక భవనానికి వచ్చి అవగాహన కల్పించాడు. దూరాన ఉన్న రాడార్లు శత్రుక్షిపణిని పసిగడతాయట. వాతావరణం దాటిన ఎత్తులో ఒకసారి, తప్పితే దిగువన మరొకసారి కొడతారట. అడ్డుకునే క్షిపణి ముక్కున వేడిని చూసే కన్ను ఉంటుందట. మందుగుండు లేకుండా వేగంతోనే గుద్దుతుందట. "జానెడు తేడా కూడా రాదు" అన్నాడు గర్వంగా.

"ఆ శత్రువు యాడినుంచి వస్తాడు సార్?" అన్నాడు జాలరి.

"దాన్నీ మేమే పంపుతాం."

"అంటే, ఏసేదీ మీరే, కొట్టేదీ మీరే?"

వెనకనుంచి అతని భార్య అందుకున్నది: "మా ఇంట్లో మాదిరే సార్! సామాన్లు చిందరవందర చేసేదీ ఈయనే, ఎవురు చేసినారని అరిచేదీ ఈయనే."

నవ్వులు సద్దుమణిగాక జాలరి తన వల సంగతి అడిగాడు. శాస్త్రజ్ఞుడు పలకవంటి యంత్రం తెరిచి అంకెలు చెప్పమన్నాడు. గోపురమూ తోటా చెబితే తల గోక్కుని పై అధికారికి ఫోను చేశాడు. ఎందుకైనా మంచిది, వెళ్ళవద్దన్నారు. మింటి మీద జానెడు గురి తప్పనివారికి మా తీరాన ఒక వల ఎక్కడున్నదో తెలియలేదు.

ఆనాడు శత్రువు రాలేదు; సాంకేతిక కారణాలట. మరునాడు మబ్బు. కొత్త అల్లుడి కోసమైనా ఇంతగా ఎదురుచూడము. మూడవనాడు ఉత్తరాన ఎక్కడో ఉరిమినట్లయింది. ప్రయోగం దిగ్విజయమని ఫోన్లు మోగాయి. నేను సీసపద్యంలో అభినందన అల్లి, ముందుగా మీకే వినిపిస్తానని పొరుగింటివారికి మాట ఇచ్చాను.

నాలుగవనాడు జాలరి వల తెచ్చాడు. వల అనడం మర్యాదకోసం. అది కన్నాల మూట. సభలో నేర్చుకున్న బుద్ధితో, వల తీసిన చోటును ఫోనులో గుర్తుపెట్టి, ఆ అంకెలు నా ముందుంచాడు. ఆ ఫోను ఆ మొదటి సాయంకాలమూ అతని జేబులోనే ఉంది. పడవలో ఒకసారి వెళ్ళి అంకెలు చూసిరమ్మని, సూర్యోదయానికి ఇంకా వ్యవధి ఉండగా, అస్త్రవిద్యలన్నీ ఎరిగిన నాకు చెప్పాలని తోచలేదు.

కాగితంతో పోల్చి చూశాను.

"లోపలా, బయటా అయ్యోరా?" అన్నది అతని భార్య, పీత కాలును దారంలోనుంచి విడదీస్తూ.

"బయటే. చాలా బయట."

ఆమె తల ఎత్తలేదు. "అయితే మీ పద్యం సదవండి అయ్యోరా. ఈ పీతలన్నా వింటాయి."