ఎడమ చెవికి వేరే నాబ్

ఒకనాడు పొద్దున పండ్లు తోముకుంటుంటే నా ఎడమ చెవి పనిచేస్తలేదని తెలిసింది. నొప్పి లేదు, జ్వరం లేదు. నల్లా నీళ్ల చప్పుడు కుడిపక్క నుంచే వస్తున్నది. ఎడమపక్క దూది కుక్కినట్టు మూసుకపోయి, లోపల ఎక్కడో సన్నగ ఈల. జలుబు అనుకొని కాలేజీకి పోయిన. ఉప్పల్ల ఒక జూనియర్ కాలేజీల ఫిజిక్స్ చెప్త నేను. ఆ రోజు ఎడమపక్క బెంచీల నుంచి ఒక అమ్మాయి ఏదో అడిగితే, కుడిపక్క అమ్మాయిని చూసుకుంట జవాబు చెప్పిన. క్లాసంత నవ్వింది. నేను కూడ నవ్విన. సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయనకు చెప్తే ఆయన నవ్వలే.

"జలుబుకు గిట్ల కాదు. పా, దవాఖానకు పోదాం" అని బండి తీసిండు.

లోపలి నరం దెబ్బతిన్నదని చెప్పింది డాక్టరమ్మ. మాత్రలు రాసింది, చెవిల సూదులు వేసింది. కొన్ని వారాలకు బరువు చప్పుళ్లు వాపసు వచ్చినయి: బస్సు ఇంజను, ఫ్యాను, మా ఆయన గొంతు. సన్నటివి రాలే. తాళం చెవులు, పట్టీలు, పక్కింటి గేటు కిర్రుమనేది, ఇవేవీ ఆ చెవికి అందలే. ఆఖరిసారి పోయిన్నాడు డాక్టరమ్మ మెల్లగ చెప్పింది.

"ఇంక ఇంతే అనుకోండి మేడం. రెండో చెవి మంచిగనే ఉంది కదా. అలవాటు చేసుకోండి."

ఆమె మంచి మనిషి. చెయ్యగలిగిందంత చేసింది. కానీ ఆ "అలవాటు చేసుకోండి" అనే మాట నాచారంల మా ఇల్లు వచ్చేదాక నా లోపల గుచ్చుకుంటనే ఉంది.

ఎందుకంటే నాకున్న ఒకే ఒక్క సోకు హెడ్‌ఫోన్లు. చీరల మీద, బంగారం మీద నాకు మనసు లేదు. దీన్ని అంటించింది మా మరిది. ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఉప్పల్ మెట్రో స్టేషన్ దగ్గర ఫ్లాటు. నెలకో ఆదివారం ఆయనింట్ల హెడ్‌ఫోన్ల పిచ్చి ఉన్నోళ్లంత కూడుతరు. అందరు మగవాళ్లు, ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఎవరి హెడ్‌ఫోన్లు వాళ్లు తెస్తరు, ఎవరి ఆంప్లిఫయర్లు వాళ్లు తెస్తరు. ఒకే పాటను దీని మీద విని, దాని మీద విని, అన్నం తినేదాక వాదించుకుంటరు.

బయటోళ్లకు ఇది పనిలేని పని. కానీ వింటే తెలుస్తది. నా హెడ్‌ఫోన్‌కు నిరోధం ఎక్కువ. ఫోనుకు తగిలిస్తే ఉపవాసమున్న మనిషి పాడినట్టు పాడుతది. దానికి వోల్టేజి దండిగ ఇచ్చే ఆంప్ కావాలె. మరిది దగ్గర ఇంకో రకం ఉంది, చేతిల పట్టుకుంటే ఇటుక అంత బరువు. దానికి నిరోధం తక్కువ, కరెంటు మస్తు గుంజుతది. పాత రేడియోల లెక్క గాజు వాల్వులతోని నడిచే నా వాల్వు ఆంప్ నా హెడ్‌ఫోన్‌తోని కలిస్తే వీణ తీగ మీద వేలు జారుడు కూడ వినబడేది. అదే ఆంప్‌కు మరిది ఇటుకను తగిలిస్తే మృదంగం వానకు తడిసిన డప్పు లెక్క మోగేది. ఏది మంచిది అని అడుగుడు తప్పు, దేనికి ఏది కలుస్తది అని అడగాలె. అది నాకు నేర్పింది మా మరిదే.

చెవి పోయినంక చాన దినాలు నేను హెడ్‌ఫోన్ ముట్టలే. ఒక మధ్యాహ్నం ఇంట్ల ఎవరు లేనప్పుడు పెట్టుకున్న. నేను బాగ విన్న వీణ సీడీ వేసిన. ఎప్పుడు నా నుదుటి ముందర కూసోని వాయించే ఆమె, లేచి పోయి కుడిపక్క గోడకు ఆనుకొని వాయిస్తున్నది. ఎడమపక్క ఒట్టి గది. పాట అయిపోయేదాక అట్లనే కూసున్న. ఏడుపు రాలే. కోపం వచ్చింది. ఎవరి మీదనో తెల్వదు.

ఆ వారమే మరిది ఇంటికొచ్చిండు. చాయ్ తాగిండు, చెవి సంగతి అడిగిండు.

"వదినా, ఏమనుకోకు. నీ హెడ్‌ఫోన్, ఆ వాల్వు ఆంప్ నాకియ్యి. మంచిగ చూసుకుంట. నీకు బాగయినంక తీసుకుందువు."

"బాగు కాదని నీకు తెలుసు గదా."

ఆయన తల దించుకున్నడు. "ఊకెనే దుమ్ము పడుతది అని."

"పడనియ్యి. నా ఇంట్ల దుమ్మే గదా."

ఆయనకు నా మీద ప్రేమనే. నేను కాదనను. కానీ అన్నం తినే మనిషి ముందర నుంచి, నీకు రుచి తెల్వదు కదా అని కంచం తీసినట్టయింది నాకు. ఆయన పోయినంక వాల్వు ఆంప్‌ను బట్టతోని తుడిచిన. నా చెవిని నేను పరీక్ష చేసుకోవాలె అనుకున్న. పిల్లలతోని ల్యాబుల ప్రాక్టికల్స్ చేయించే దాన్ని, నా చెవికి నేను చెయ్యలేనా?

ఫోన్ల సన్నటి నుంచి బరువు దాక శబ్దాలు పుట్టించే యాప్ పెట్టుకొని, ఒక చెవి మూసి ఒక చెవితోని విన్న. తెలిసింది ఏందంటే, చెవి మొత్తం పోలే. కింది శబ్దాలు దాదాపు ఉన్నయి. నడిమివి కొంచెం బలహీనం. పైకి పోయిన కొద్ది మెట్లు విరిగినట్టు పడిపోయింది. అంటే ఎడమపక్కకు పై శబ్దాలు కొన్ని ఎక్కువ పోసి, మొత్తం కొంచెం పెంచితే ఏమైనా వాపసు రావచ్చు. పాత టేప్‌రికార్డర్లకు ట్రెబుల్ నాబ్, బ్యాలెన్స్ నాబ్ ఉండేవి. ఇప్పటి ఖరీదైన ఆంప్‌లకు ఒక్కటే నాబ్ ఉంటది, వాల్యూమ్‌ది. మిగిలినవి ఉంటే మా ఆదివారం వాళ్ల దృష్టిల పాపం. పాటను రికార్డు చేసినోళ్లు ఎట్ల ఉంచిన్రో అట్లనే వినాలె, మనం చెయ్యి పెట్టొద్దు. మొన్నమొన్నటి దాక నేను కూడ అదే మాట అన్న.

మల్లాపూర్ల మైకుసెట్లకు ఆంప్లిఫయర్లు కట్టే ఆయన ఉన్నడని మా ల్యాబ్ అసిస్టెంట్ చెప్తే పోయిన. చిన్న షెడ్డు, పక్కన లేత్ మిషన్ల చప్పుడు. హెడ్‌ఫోన్‌కు ఆంప్ కావాలె, రెండు పక్కలకు వేరే వేరే వాల్యూమ్, వేరే వేరే ట్రెబుల్ అని కాగితం మీద గీసి చూపించిన.

"మేడం, నలుగురు వింటే గందరగోళమైతది గదా" అన్నడు.

"వినేది నేనొక్కదాన్నే అన్నా."

"గట్లైతే చేద్దాం తియ్యి."

మొదటిసారి కట్టింది గుయ్ మని మోగింది. మైకుసెట్ల ఆ చప్పుడు ఎవరికి తెల్వదు, హెడ్‌ఫోన్ల మాత్రం తుమ్మెద చెవిల దూరినట్టుంటది. వాపసు తీసుకపోయిన. ట్రాన్స్‌ఫార్మర్‌ను దూరం జరిపి, ఎర్త్ వైరు మార్చి మళ్ల ఇచ్చిండు. ఇనుప డబ్బ, మీద ఏదో మిషన్‌కు వేసి మిగిలిన ఆకుపచ్చ పెయింటు. చూడనీకి అందం లేదు. నాకు నచ్చింది.

ఇంటికి తెచ్చి పెట్టుకున్న. ముందు ఎడమ వాల్యూమ్ పెంచిన, చెవిల గరగర మన్నది. దెబ్బతిన్న చెవి తక్కువ చప్పుడు వినదు, ఎక్కువైతే తట్టుకోదు. తగ్గించిన. తర్వాత ఎడమ ట్రెబుల్ కొంచెం కొంచెం తిప్పుకుంట పోయిన. ఒక దగ్గరికి వచ్చేసరికి వీణ గోడను వదిలింది. మునుపటి లెక్క సరిగ్గ నడుమ కూసోలే, కొంచెం ఒరిగి కూసున్నది. ఎడమ నుంచి వచ్చే శబ్దంల రేకు మీద గీకినట్టు ఏదో ఉంది. మునుపటిలెక్క ఉందంటే అబద్ధమైతది. కానీ ఆ గది ఒట్టిగ లేదు. నేను ఆ మధ్యాహ్నమంత కూసున్న, మా ఆయన వచ్చి అన్నం పెట్టుకొని తిన్నది కూడ చూడలే.

ఆ ఆదివారం డబ్బను సంచిల పెట్టుకొని ఉప్పల్‌కు బయలుదేరిన. స్టేడియంల మ్యాచ్ ఉంది, ఆటో రింగురోడ్డు దాటనంటే దిగి నడిచిన. నీలం జెర్సీలు వేసుకున్న పిల్లల నడుమ ఇనుప డబ్బ మోసుకుంట పోతుంటే భుజం గుంజింది. మరిది తలుపు తీసి నా సంచి దిక్కు చూసిండు.

"వదినా, నువ్వు వస్తవనుకోలే."

"ఎందుకు రాను?"

లోపల అందరు ఉన్నరు. డబ్బను బల్ల మీద పెడితే ఒకాయన అడిగిండు, "ఇది ఏ కంపెనీ మేడం?"

"మల్లాపూర్."

నవ్విన్రు. నేను నవ్వలే. హెడ్‌ఫోన్ తగిలించి మరిదికి ఇచ్చిన. ఆయన పెట్టుకొని మొహం చిట్లించిండు.

"అంత ఎడమకే గుంజుతున్నది వదినా. చెవిల సూదులు గుచ్చినట్టుంది."

"నీకు గట్లనే ఉంటది. అది నీ కోసం కట్టింది కాదు."

"కానీ ఇది అసలు శబ్దం కాదు గదా. మార్చింది."

"నువ్వు అడిగిన నా వాల్వు ఆంప్ మార్చదా? గొంతును మెత్తగ చేస్తదనే గదా అడిగినవు."

"అది వేరే."

"ఎట్ల వేరే?"

కొంచెం కోపమొచ్చింది ఆయనకు. "మనం ఈడ పోల్చనీకి కూసున్నం వదినా. దీంతోని పోల్చుడు ఎట్ల? ఒక్క చెవితోని..." అని ఆగిపోయిండు.

అందరు కింద చూసుకుంట కూసున్నరు. నేను ఆయన చేతిల నుంచి నా హెడ్‌ఫోన్ తీసుకున్న.

"ఒక్క చెవితోని ఏంది, చెప్పు. నీ చెవితోని విని నువ్వు చెప్పు. నా చెవులతోని విని నేను చెప్త. ఇన్ని దినాలు నువ్వు చెప్పింది నేను నమ్మలేదా? నేను చెప్పింది నువ్వు నమ్మకపోతే నమ్మకు. కానీ నా వంతు వచ్చినప్పుడు నేను వింట."

ఆనాడు ఎవరో కొత్త హెడ్‌ఫోన్ తెచ్చిన్రు. నా వంతు వచ్చింది. నా డబ్బ మీద పెట్టుకొని, నాబ్‌లు సరిచేసుకొని విన్న. గొంతులు బాగున్నయి, కింద బాసు వదులుగ ఉంది, పై శబ్దాల గురించి నా కుడి చెవి మాటనే తీసుకోండి అని చెప్పిన. తర్వాత వాళ్ల వాదన వాళ్లు పెట్టుకున్నరు.

మా ఆదివారం వాళ్లల్ల ఒక పెద్దాయన ఉంటడు. మల్లాపూర్ల ఒక ఫ్యాక్టరీల ఫోర్‌మన్‌గ చేసి రిటైర్ అయినోడు. హెడ్‌ఫోన్లను ఆయన పొగిడినట్టు ఇంకెవరు పొగడరు. "ఆ పై మెరుపు చూడున్రి, వెండి లెక్క" అంటడు. ఆ రోజు దేన్నీ పొగడలే. అందరు వంటింటి దిక్కు అన్నానికి లేచినంక నా దగ్గరికి వచ్చి నిలబడ్డడు.

"బిడ్డా, జర నేను వింటనా?"

ఇచ్చిన. నాబ్‌లు ఏది దేనిదో చూపించిన. ఆయన రెండు ట్రెబుల్ నాబ్‌లు చివరి దాక తిప్పిండు. నేను విన్న పాటనే. కండ్లు మూసుకున్నడు. కాసేపటికి తెరిచి, నన్ను అడిగిండు.

"గివి గజ్జెలా?"

"అవును సార్. పాట మొదటి నుంచి ఉన్నయి."

ఆయన హెడ్‌ఫోన్ తియ్యలే. చెవుల పాట మోగుతుంటే మనిషికి తన గొంతు తనకు తెల్వదు గదా, మెల్లగ చెప్తున్న అనుకొని గట్టిగనే చెప్పిండు.

"ఉద్యోగమంత ప్రెస్ మిషన్ల దగ్గరనే చేసిన బిడ్డా. చెవులు అప్పుడే పోయినయి. ఈడ అందరు మెరుపు అంటే నేను మెరుపు అన్న. వినబడతలేదంటే మళ్ల పిలుస్తరో లేదో అని."

వంటింట్ల గిన్నెల చప్పుడు ఆగింది. మరిది చేతిల పప్పు గిన్నె పట్టుకొని తలుపు దగ్గర నిలబడ్డడు. పెద్దాయన ఇంకా గజ్జెలు వింటున్నడు, ఇంటి నిండ మనుషులు విన్నరని ఆయనకు తెల్వదు. మరిది గిన్నె పట్టుకొని మెల్లగ వెనక్కి పోయిండు. అన్నానికి పెద్దాయనను పిలవనీకి నేనే భుజం మీద చెయ్యి వేసిన.

మరిది నాతోని తప్పయింది అనలే. ఇప్పటికి అనలే. కానీ తర్వాతి ఆదివారం నేను పోయేసరికి కిటికీ పక్కన ఇంకో చిన్న బల్ల, దానికి విడిగ ప్లగ్గు పాయింట్ పెట్టి ఉంది. నా డబ్బ అక్కడ పెట్టిన. ఇద్దరు మనుషులు రావుడు మానేసిన్రు. సంగీతం వినే జాగను దవాఖాన చేసిన్రని ఒకాయన అన్నడట. అననియ్యి. దవాఖానకు పోయినప్పుడు నాకు ఇంక ఇంతే అన్నరు, ఈడ నేను వీణ వింటున్న. ఏది నయమో నేనే చెప్పగలను.

పెద్దాయన కూడ మల్లాపూర్ల తనకొక డబ్బ కట్టించుకున్నడు. దానికి నాబ్‌లు నా దానికంటే ఎక్కువ. ఆయన ఇప్పుడు ఏ హెడ్‌ఫోన్‌నూ అంత సులభంగ పొగుడుతలేడు. మొన్న ఒక ఖరీదైనదాన్ని విని, "నాకేం కొత్తగ అనిపించలే" అని తీసి పక్కన పెట్టిండు. తెచ్చినాయన మొహం చిన్నబోయింది.

నా ఎడమ చెవి ఎట్లున్నది అట్లనే ఉన్నది. ఈల కూడ ఉన్నది. వాల్యూమ్ ఎప్పుడు తక్కువనే పెట్టుకుంట, మిగిలినది పోగొట్టుకునే ఆలోచన నాకు లేదు. పోయిన నెల మరిది కొత్త ఆంప్ కొని, ముందు నాకే వినిపించిండు. విన్న. గొంతులు ఎండిపోయినట్టున్నయి, నాకు నచ్చలే అని చెప్పిన.

"నీ చెవికి గట్ల అనిపిస్తది వదినా" అన్నడు.

"మరి ఇంకెవరి చెవితోని వినాలె?"

ఆయన నన్ను లేవనియ్యకుండ, ఇంకో సీడీ తీసి పెట్టిండు.