ఐదు జతలు, ఆరో పేరు

ఫరీదాబాద్ ఆసుపత్రిలో కిడ్నీ మార్పిడుల పని చూసే ఆ సిస్టర్‌ది భీమవరం వైపు. ఏ దాత కిడ్నీ ఏ రోగికి ఎంత నప్పుతుందో మార్కులు వేసి, మొత్తమ్మీద ఎక్కువ మార్కులొచ్చేలా జతలు కలిపే ప్రోగ్రామ్‌ను ‘ఆర్’ అనే కంప్యూటర్ భాషలో నేనే రాసిచ్చాను. ఆ రోజు ఆరుగురు రోగుల్లో ఐదుగురికే దాతలు కుదిరారు. మిగిలిన పేరు మీద వేలుంచి, “ఇంకొక్కసారి రన్ చెయ్యి బాబూ,” అన్నారావిడ. చేశాను. మళ్లీ అదే పేరు మిగిలింది.

“ఇంకొక్కసారి.”

“ఎన్నిసార్లు చేసినా జవాబు మారదు సిస్టర్.”

“తెలుసయ్యా. బయట అతని భార్య కూర్చునుంది. నువ్వు చేస్తున్నంతసేపూ, ఇంకా చూస్తున్నామని చెప్పొచ్చు కదా!”

ఆవిడ తలుపు తీసి, “దీదీ, అభీ దేఖ్ రహే హైఁ,” అన్నారు. ఆ మాట అబద్ధం కాకూడదని నేను ఎంటర్ నొక్కాను.