మద్దెల నిజంగానే ఓడు

పదకొండేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. ఎవరో నన్ను అన్న మాట అయితే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి. నేనే అన్నాను. ఇంట్లోవాళ్ళకు తెలియదు, ఆర్కెస్ట్రాలో నాతో తిరిగినవాళ్ళకు తెలియదు. మీకు చెబుతున్నాను, అదీ పేరు లేకుండా. పిరికితనమే. ఒప్పుకుంటూ కూడా సగం దాక్కుంటున్నాడు అనుకోండి, నిజమే.

జనగామలో గిటార్ నేర్పేవాణ్ణి. బట్టల షాపు పైన ఒక గది, దాని లోపల సామాను పెట్టుకునే ఇంకో చిన్న గది, నాలుగు కుర్చీలు, గోడకు పెద్దది నా ఫోటో. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఆర్కెస్ట్రా పార్టీతో కలిసి మానుకోట, భూపాలపల్లి దాకా వాయించడానికి పోయేవాణ్ణి. ఊళ్ళో భూములున్న ఇల్లు మాది. వ్యవసాయం వదిలి గిటార్ పట్టినందుకు బాపు నాతో రెండేళ్ళు మాట్లాడలేదు. అంత గొడవ పడి పట్టుకున్నాక, ఈ చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడని నమ్మాలి కదా? నమ్మాను. నమ్మకపోతే ఇంటికి ఏ ముఖం పెట్టుకుని పోను?

ఆ రోజుల్లో ఒకమ్మాయి నేర్చుకోవడానికి వచ్చింది. జ్యోతి అందాం, అసలు పేరు వేరే. దంతాలపల్లి అవతల ఒక లంబాడా తండా వాళ్ళది. జనగామలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేది. పండగలకు తండా ఆడవాళ్ళు గుండ్రంగా తిరుగుతూ పాడే పాటల్లో పెరిగిన పిల్ల. నా దగ్గరున్న కరెంటు అక్కర్లేని పాత డబ్బా గిటార్ మీద, మిగతావాళ్ళు ఏడాదికి నేర్చుకునేది నాలుగు నెలల్లో నేర్చుకుంది. నేను మెచ్చుకున్నాను కూడా. నా శిష్యురాలని నలుగురికీ చెప్పుకున్నాను. అంతవరకు బాగానే ఉంది.

కాలేజీ ఫంక్షన్‌లో ఎవరో ఎలక్ట్రిక్ గిటార్ వాయించగా విన్నదట. ఇక అదే కావాలంది. వాళ్ళమ్మ పత్తి ఏరిన కూలి దాచి ఇచ్చింది. దాంతో ఒక్కటే వస్తుంది, రెండోది కొనే మాటే లేదు. అందుకే "మీరే వచ్చి చూడాలె సార్" అని బతిమాలింది.

జ్యోతి, తోడుగా తన హాస్టల్ స్నేహితురాలు, నేను ముగ్గురం పొద్దున రైలుకు సికింద్రాబాద్ పోయాము. దారి పొడవునా నా ప్రసంగమే. మొదటి గిటార్ కొనేవాళ్ళు రంగు చూసి మోసపోతారని చెప్పాను. వడ్రంగి కర్రను చూసినట్టు ఒక కన్ను మూసి గిటార్ మెడ వంకర ఉందేమో చూడాలన్నాను. తీగలు మరీ ఎత్తుగా ఉంటే వేళ్ళు కోసుకుపోతాయన్నాను. అన్నిటికన్నా ముఖ్యం, తీగను ఊరికే మీటి, తర్వాత సరిగ్గా నడుమన, మెడ మీది అడ్డ కడ్డీల్లో పన్నెండో మెట్టు మీద ఒత్తి మీటాలి. రెండూ ఒకే స్వరం, కింది స్థాయిలో ఒకటి, పై స్థాయిలో ఒకటి. కలవకపోతే ఆ గిటార్ ముట్టుకోవద్దు. ఇవన్నీ నేను ఎక్కడో విన్నవి, చదివినవి. చెవితో పరీక్ష చేసి కొన్న గిటార్ నా జీవితంలో ఒక్కటీ లేదు. ఆ సంగతి మాత్రం రైల్లో చెప్పలేదు.

షాపులో ఆమె దగ్గరున్న డబ్బుకు వచ్చేవి రెండే కనిపించాయి. ఒకటి గీతలు పడ్డ నల్లది, ఎవరో వాడింది. ఇంకోటి కొత్తది, ఎర్రగా నిగనిగలాడుతోంది. జ్యోతి కరెంటు కూడా పెట్టనివ్వలేదు. చెక్కకు చెవి ఆనించి మీటింది. నేను చెప్పినట్టే నడుమన ఒత్తి మళ్ళీ మీటింది.

"సార్, గీ ఎర్రది నడుమల ఒత్తితే జర పైకి పోతున్నది. నల్లది సక్కగున్నది."

నేను తీసుకుని వాయించాను. నా చెవికి రెండు గిటార్లూ ఒక్కలాగే ఉన్నాయి. మళ్ళీ వాయించాను. ఒక్కలాగే ఉన్నాయి. కళ్ళు మూసుకున్నాను, తల పంకించాను, ఏదో వింటున్నట్టు నటించాను.

"మీకు వినవడ్తలేదా సార్?" అంది. వెక్కిరింత లేదు అందులో. నిజంగానే ఆశ్చర్యపోయింది. స్నేహితురాలు నా వైపే చూస్తోంది.

వాడిన గిటార్‌లో ఏ రోగాలుంటాయో ఎవరికి ఎరుక, ఎర్రదే తీసుకో, నీకు ఇంకా తెలియదు అన్నాను. సార్ చెప్పాడని ఎర్రది తీసుకుంది.

ఇక్కడిదాకా అయితే మీరు క్షమించినా క్షమించవచ్చు. అహంకారం, పొరపాటు, మనిషన్నాక ఉంటాయి. అసలు తప్పు ఆ తర్వాతిది.

మూడు వారాలకు ఒక మధ్యాహ్నం గిటార్ వీపున వేసుకుని గదికి వచ్చింది. వేళ్ళ కొసలు పగిలి ఉన్నాయి. అంత సాధన చేసింది.

"సార్, ఎంత చేసినా పైమెట్ల మీద సుర్ కలుస్తలేదు. తప్పు గిటార్‌దా, నాదా?"

ఇటియ్యి చూస్తానని లోపలి గదిలోకి తీసుకుపోయాను. తలుపు దగ్గరికి వేసి, ఫోన్‌లో సుర్, అంటే స్వరం సరిగ్గా ఉందో లేదో, ముల్లుతో చూపించే యాప్ పెట్టాను. తీగ మీటితే ముల్లు నడుమన నిలబడింది. పన్నెండో మెట్టు మీద ఒత్తి మీటితే కుడికి జరిగింది, అంటే స్వరం పైకి పోతోంది. ఒక్కటి తప్ప అన్ని తీగలూ అంతే. షాపులో ఆమె చెవి చెప్పిందే ముల్లు చెప్పింది.

ఎలక్ట్రిక్ గిటార్‌కు తీగలు చివర ఆనే చోట, తీగకొకటి చొప్పున ఆరు చిన్న స్క్రూలు ఉంటాయి. వాటిని తిప్పితే ఈ తేడా పోతుంది. స్క్రూడ్రైవర్ నా మోకాలి దగ్గర సొరుగులోనే ఉంది. పది నిమిషాల పని.

సొరుగు తీయలేదు. ఎందుకు తీయలేదు? తీస్తే, నువ్వు విన్నదే నిజం, నాకే వినిపించలేదు అని బయటికి వచ్చి చెప్పాలి. అంతేనా? మా ఇళ్ళల్లో పిల్లవాడెవడైనా అలా అడిగి ఉంటే నవ్వేసి, భుజం తట్టి, స్క్రూ తిప్పేవాణ్ణి కాదా? ఈ ప్రశ్న నాకు నేను ఎన్నిసార్లు వేసుకున్నానో, ప్రతిసారీ జవాబు రాకముందే ఇంకో పనిలో పడేవాణ్ణి. ఇప్పుడు రాస్తున్నాను. తండా పిల్లకు వినిపించింది నాకు వినిపించలేదన్నది నేను ఓర్చుకోలేకపోయాను.

బయటికి వచ్చాను. నవ్వుతూ వచ్చాను.

"గిటార్ మంచిగనే ఉన్నది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టున్నది నీ ముచ్చట."

ఆమె నవ్వలేదు. "అంటే నా చెవిదే తప్పా సార్?"

"కొందరికి కుదరదు. ఏం చేస్తం."

"అయితే చిన్నప్పటి సంది నేను గిట్లనే తప్పు పాడిన్నా?"

అప్పుడైనా ఆగొచ్చు. ఆగలేదు. "తండల పాడుకునేటందుకు గివన్ని అవసరం లేదు తీ," అన్నాను.

తల ఊపింది. గిటార్ సంచిలో పెట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. మళ్ళీ క్లాసుకు రాలేదు.

నెల తర్వాత జ్యోతి స్నేహితురాలు ఆ గిటార్ తెచ్చి ఇచ్చింది. నేర్చుకునేవాళ్ళు ఎవరన్నా ఉంటే ఇవ్వమందట. తండాలో పండగకు కూడా పాడలేదని, అందరితో కలిసి చప్పట్లు కొడుతూ తిరిగిందే తప్ప నోరు తెరవలేదని చెప్పింది. "ఏమైందో ఏమో సార్," అంది. గిటార్ బీరువా మీద పెట్టాను. ఎవరికీ ఇవ్వలేదు. ఇస్తే ఇంకెవరి చెవికి దొరికిపోతానో అని.

పోయిన ఏడాది మానుకోట బస్టాండ్‌లో కనిపించింది. తనే గుర్తుపట్టి పలకరించింది. అక్కడే ఒక దవాఖానలో నర్సుగా చేస్తోందట. పక్కన ఆరేళ్ళ పాప. టీ కొట్టు రేడియోలో ఏదో పాట వస్తుంటే పాప గొంతు కలిపింది.

"ఊకో బిడ్డా, మన ఇంట్ల ఎవరికి సుర్ లేదు," అని జ్యోతి నవ్వుతూ పాప నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. నా వైపు తిరిగి అంది: "మీరు ఆ రోజు నిజం చెప్పి మంచిగ చేసిండ్రు సార్. లేకుంటే నలుగురిల నవ్వులపాలయ్యేదాన్ని."

పాప సుర్‌లోనే పాడిందా? నాకు తెలియదు. నా చెవికి ఎప్పుడూ తెలియదు. తెలిసిన చెవి అక్కడే నా ఎదురుగా ఉంది, తనను తాను నమ్మడం మానేసి. వాళ్ళు ఎక్కాల్సిన మరిపెడ బస్సు కదలడానికి ఇంకా రెండు మూడు నిమిషాలుంది. రెండు నిమిషాల్లో చెప్పలేనంత పెద్ద మాటా అది? నేను మాత్రం పాప ఏ క్లాసని అడిగాను. ఒకటో తరగతి అంది. వాళ్ళు ఎక్కారు, బస్సు కదిలింది.

ఇంటికి వచ్చి బీరువా మీది గిటార్ దించాను. స్క్రూలు తిప్పాను. పది నిమిషాలే పట్టింది. ముల్లు నడుమన నిలబడింది.

ఆమె నంబరు కనుక్కోవడం కష్టమేమీ కాదు. కనుక్కోలేదు. మంచిగ చేసిండ్రని నన్ను మెచ్చుకున్న మనిషికి ఫోన్ చేసి ఏమని మొదలుపెట్టాలి? రేపు చేస్తానని మీకు మాటివ్వలేను. ఇచ్చి తప్పితే అది ఇంకో అబద్ధం. క్షమించమనీ అడగను, క్షమించాల్సింది మీరు కాదు. ఇంతవరకు రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది, అది చాలు.

ఆమె అడిగిన దానికి సరైన జవాబు ఎక్కడో ఒకచోట ఉండాలి కనుక ఇక్కడ రాసిపెడుతున్నాను. తప్పు గిటార్‌దా, నాదా అని అడిగింది. గిటార్‌ది, పది నిమిషాల్లో పోయేంత. మిగిలిందంతా నాది. జ్యోతిది ఏమీ లేదు.