మావయ్య చెప్పిన యమలోకం

శ్రీరాములు మావయ్యకు లోకంలో ఉన్నది ఒకటే పుస్తకం, అదీ చచ్చిపోయినవాళ్ల గురించి రాసిన నవల. పెళ్లికి వెళ్లినా, పరామర్శకు వెళ్లినా అది చంకలో ఉండాల్సిందే. ఒకసారి మనిషి పోయిన ఇంట్లో కూర్చుని, ఆత్మలు యమలోకంలో టోకెన్లు పట్టుకుని వరసలో నిలబడే ఘట్టం చదివి వినిపించాడు. ఏడవాలో నవ్వాలో తెలియక ఆ ఇంటివాళ్లు కాఫీ ఇచ్చి పంపేశారు.

అలాంటి మహానుభావుడి ఆర్.కె. పురం సర్కారీ క్వార్టర్‌కి మేనకోడలు ప్రత్యూష, అదే ఊళ్లో కోచింగ్ సెంటర్ల పేట అయిన ముఖర్జీ నగర్ నుంచి పెట్టెతో వచ్చిపడింది. సివిల్స్‌లో ఆరోసారి, అంటే ఆఖరిసారి, తప్పింది. మంచం దిగదు, సరిగ్గా తినదు, మాట్లాడదు. ఇంక బతికి చేసేదేముంది అన్న ఒక్క ప్రశ్నే పిల్లను తినేస్తోంది.

మర్నాడు ఆఫీసు నుంచి వస్తూనే మావయ్య కుర్చీ లాక్కుని ఆ నవల తెరిచాడు.

"వినవే. గుమాస్తా చచ్చి పైకి వెళ్లాడు. నువ్వు చచ్చినట్టు రుజువేదీ అన్నాడు కౌంటర్లోవాడు. గెజిటెడ్ ఆఫీసర్ సంతకం కావాలిట."

"నాకు వినాలని లేదు మావయ్యా."

"ఆ ఆఫీసరేమో ఇంకా బతికే ఉన్నాడు. ఆయన పోయేదాకా వీడు బెంచీ మీదే."

"అంటే, ఎన్నాళ్లు?"

"మిగతాది రేపు."

వంటింట్లోంచి దుర్గాంబ అత్తయ్య మండిపడింది. "పిల్ల అసలే అలా ఉంటే, ఆ యమలోకం గోలేమిటండీ?"

"భూలోకం మీద విరక్తి పుట్టింది కదా. అక్కడ ఇంతకన్నా దరిద్రంగా ఉంటుందని తెలియొద్దూ?"

రోజుకో అధ్యాయం. యముడి దున్నపోతు సమ్మెకు దిగింది. చిత్రగుప్తుడి సర్వర్ పడుకుంది. ప్రత్యూష దిగులు తగ్గలేదు కానీ, గుమాస్తా సంగతి తేలేదాకా ఆగుదామని సాయంత్రం కోసం చూడడం అలవాటైంది.

నెల గడిచాక ఒకరోజు మావయ్య పుస్తకం మరిచి ఆఫీసుకు వెళ్లాడు. ఆత్రం ఆగక ప్రత్యూష తెరిచింది. గుమాస్తా కథ తను మొదటి వారంలో విన్నంతే ఉంది, అక్కడితో నవల అయిపోయింది. దున్నపోతు ఊసే లేదు. చివరి అట్టలో మాత్రం ఆఫీసు కాగితాల ముక్కలు, వాటి మీద మావయ్య దస్తూరీ: "శుక్రవారం. దున్నపోతు సమ్మె. పిల్ల నవ్వింది. సమ్మె పొడిగించవలెను." నిన్నటి ముక్క మీద: "రేపటికి ఏమీ తోచడం లేదు." అది చదివి ప్రత్యూష చాలాసేపు ఏడ్చింది.

సాయంత్రం మావయ్య పుస్తకం తెరిచి గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు.

"ఇవాళ నేను చెప్తాను మావయ్యా," అంది ప్రత్యూష. "గుమాస్తాకి ఆకలేసింది."

"చచ్చినవాడికి ఆకలేమిటే?"

"వేసింది. అత్తయ్యా, ఏం వండారు?"