డెంటల్ కుర్చీలో పాలు తాగిన మా పాప

నిన్న మధ్యాహ్నం ఫోన్ చూసి నమ్మలేదు.

శంషాబాద్‌లో మా పళ్ళ డాక్టర్ సుజాత గారు ఇక లేరట. హార్ట్ ఎటాక్.

మొన్న సోమవారమే కదా మేడమ్, అపాయింట్‌మెంట్ ఇచ్చి, ఆలస్యంగా రావద్దని తిట్టి మరీ ఫోన్ పెట్టేశారు!

ఆవిడ తిట్టని పేషెంట్ లేడు. తిట్లు తిని మళ్ళీ వెళ్ళని పేషెంటూ లేడు.

2008. ఇక్కడ ఎయిర్‌పోర్ట్ కొత్తగా తెరిచిన ఏడాది. మా పాపకు మూడో నెల. నాకు దవడ పన్ను పుచ్చి ముఖం బూరెలా వాచింది. అయినా ఓర్చుకున్నాను. మందు పడితే పాలు పాడవుతాయని మా అత్తమ్మ భయం. నిజం చెప్పాలంటే నాకూ అదే భయం.

చివరికి వెళ్ళాం. అత్తమ్మ చంకలో పాప, చేతిసంచిలో బర్రెపాల సీసా. రెండు మూడు రోజులు నా పాలు పిండి పారబోయాలని ఇంట్లోనే తీర్మానం అయిపోయింది.

మేడమ్ చిగురుకు తిమ్మిరెక్కించే జెల్ రాయబోతుంటే అత్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"మందు పాలల్లకు దిగదా డాక్టరమ్మా? పసిగుడ్డు. దానికేమన్న అయితే?"

తిట్లు పడతాయనుకున్నాను. పడలేదు.

"మంచి ప్రశ్న అడిగారమ్మా. ఈ జెల్లు, తర్వాత ఇచ్చే ఇంజెక్షను చిగురు దగ్గరే పనిచేస్తాయి. పాలలోకి వెళ్ళేది లెక్కలోకి రానంత తక్కువ. పాలు మానక్కర్లేదు, పారబోయక్కర్లేదు. కానీ ఈ జెల్ తల్లి చిగురుకే. రొమ్ముకు రాయొద్దు, పాప నోట్లో అసలే పెట్టొద్దు."

పన్ను పీకేశారు. అంతలో పాప ఏడుపు మొదలుపెట్టింది. అత్తమ్మ సీసా తీసింది.

"అదెందుకమ్మా? తల్లి ఇక్కడే ఉందిగా!" అని మేడమ్ పాపను తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. అదే కుర్చీలో. నోట్లో దూది, సగం పెదవి మొద్దుబారి, నేను.

తలుపు తోసుకొచ్చిన ఒక పెద్దమనిషిని "బయట ఆగండి, పాప భోజనం చేస్తోంది" అని గెంటేశారు.

అత్తమ్మ రెప్ప వేయకుండా పాప ముఖమే చూసింది. పాప కడుపునిండా తాగి నిద్రపోయింది. అప్పుడు సీసా మళ్ళీ సంచిలో పెట్టి, "సల్లగుండు తల్లీ" అంది మేడమ్‌తో.

ఆ తర్వాత మా ఊరు జల్‌పల్లిలో ఏ బాలింతకు పన్ను నొచ్చినా మా అత్తమ్మే మేడమ్ దగ్గరికి వెంటబెట్టుకొచ్చేది. దారంతా తనే డాక్టర్‌లా పాఠం చెప్పేది!

ఆ పాపకిప్పుడు ఆరేళ్ళు. మొదటి పాలపన్ను కదులుతోంది. మేడమే తీయాలని ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు. రేపటి అపాయింట్‌మెంట్ దానికే.

ఇవాళ ముగ్గురం క్లినిక్ దాకా వెళ్ళాం. షట్టర్ దించి ఉంది. "గింత తొందరేందమ్మా నీకు" అని అత్తమ్మ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మీరు బయట ఆగమంటే ఆగేవాళ్ళం మేడమ్. ఇవాళ చెప్పేవాళ్ళు లేకపోయినా చాలాసేపు ఆగాం.

ఇక ఎవర్నీ తిట్టే పని లేదు. హాయిగా నిద్రపోండి. మీరెక్కడున్నా మీ మనసు చల్లగా ఉండాలి.